మా మేనత్త సాక్షి సంతకం

కాశీబుగ్గలో మా వీధి వాళ్ళ ఇళ్ళలో మా మేనత్త విజయమ్మ సంతకం లేని కాగితం దొరకడం కష్టం. పెళ్ళి రిజిస్టర్లో ఆవిడ, స్థలం అగ్రిమెంటులో ఆవిడ, డ్వాక్రా గ్రూపు తీర్మానంలో ఆవిడ. మొగుడూ పెళ్ళాం కొట్టుకుని, ఇకనుంచి సఖ్యంగా ఉంటామని పెద్దల ముందు రాసుకున్న ఒప్పందాల్లో కూడా ఆవిడే సాక్షి. ఎవరైనా చేతిలో కాగితం పట్టుకుని మా గుమ్మం ముందు నిలబడితే ఆవిడ విషయం ఏమిటని అడగదు. కళ్ళజోడు ఎక్కడుందని అడుగుతుంది.

నేను టెక్కలి కోర్టులో లాయర్ని. చదవకుండా సంతకం పెట్టకు అత్తా అని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది గానీ ఆవిడ చెయ్యి ఆగలేదు. "నమ్మకంతో వొచ్చినోల కాగితం సదివి సూత్తానంటే ఏటనుకుంటారే?" అనేది. లాయర్ని చేసింది ఆవిడే, లాయరు మాట విననిదీ ఆవిడే.

సంతకం మీద ఆవిడకి అంత మోజు ఊరికే రాలేదు, అది మాత్రం ఒప్పుకోవాలి. మాది వజ్రపుకొత్తూరు దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె. చర్చిలో ఆదివారం బడి చెప్పే అమ్మగారి దగ్గర కూర్చుని అత్త అక్షరాలు నేర్చుకుంది. ఆ తరంలో మా వాళ్ళ ఆడవాళ్ళలో తన పేరు తను రాసుకోగలిగింది ఆవిడొక్కతే. పెళ్ళయిన కొన్నేళ్ళకే ఆవిడ భర్త కిడ్నీలు పాడై చనిపోయాడు. పిల్లల్లేరు. అప్పటికే మా నాన్న ఆనందరావు పలాస రైల్వేలో చేరాడు. నేను ఒకటో తరగతిలో ఉండగా మా అమ్మ జ్వరమొచ్చి చనిపోతే, నన్నూ చంటివాడైన మా తమ్ముడు నతానియేల్‌నీ చూసుకోవడానికి అత్త వచ్చింది. నాలుగు రోజులుండి పోతానని వచ్చిన మనిషి ఇంక పోలేదు.

ఇంటి పని చూసుకుంటూనే జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్ళేది. కాల్చిన గింజ కొట్టి పప్పు తీసే పని. ఆ తొక్కలోని జిగురు చేతికి అంటుకుంటే తోలు కాలి ఊడిపోతుంది. ఏళ్ళ తరబడి అదే పని చేసేసరికి ఆవిడ వేళ్ళ మీద గీతలన్నీ అరిగిపోయాయి. రేషన్ మిషన్ మీద వేలు పెడితే పడదు. పింఛనుకి పడదు. నిమ్మకాయ రాసుకోమంటారు, తడిగుడ్డతో తుడుచుకోమంటారు, పదిసార్లు నొక్కిస్తారు. ఇంటికొచ్చి మండిపడేది. "నా సెయ్యి నాది కాదంటాది ఆ మిసను. అదే నా సంతకం సూపించు, మన ఈదంతా ఎరుగుదురు." అందుకే సంతకం అంటే ఆవిడకి ప్రాణం. వి దగ్గర మొదలుపెట్టి మ్మ కింద పెద్ద గీత గీసి ముగించేది. ఆ గీత గీసేటప్పుడు మొహం చూడాలి.

ఆ సంతకమే కొంప ముంచింది.

నాన్నకీ కిడ్నీ జబ్బు వచ్చింది. మా ఉద్దానం ప్రాంతంలో పుట్టినవాళ్ళకి అదేమీ వింత కాదు కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో కట్టుకున్న ఇల్లు, రోజు మార్చి రోజు డయాలసిస్, పక్కన తన అక్క, మా అత్త. ఉప్పు లేకుండా వండి పెట్టేది, తాగే నీళ్ళు గ్లాసుతో కొలిచిచ్చేది, ఆసుపత్రికి తోడు వెళ్ళేది ఆవిడే. నాకు పెళ్ళయి టెక్కలిలో ఉన్నాను. తమ్ముడు విశాఖలో ఉద్యోగం. తన తర్వాత ఈ ఇల్లు అక్కకే చెందాలని నాన్న అనుకున్నాడు. అనుకుంటే నాతో చెప్పాలి కదా? కూతురు లాయరు కదా? చెప్పలేదు. పలాసలో రాయిస్తే నలుగురికీ తెలుస్తుందని, పోతురాజు ఆటో మాట్లాడుకుని, అక్కని ఎక్కించుకుని, హైవే మీద నేరుగా టెక్కలి వచ్చాడు. నా కోర్టుకి అవతలి వీధిలో తారకేశ్వరరావు అనే దస్తావేజు లేఖరి దగ్గర వీలునామా రాయించి, రిజిస్ట్రేషన్ కూడా చేయించుకుని, నాకు ఫోనైనా చెయ్యకుండా వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం ఇంటికి వెళితే అత్త పాయసం చేసింది. నా చేతికి గిన్నె, ఆ వెంటనే ఆ కాగితం ఇచ్చింది.

"సదువే. మీ నాన్న నాకు ఇల్లు రాసినాడు. నీకు కోపమేటీ నేదు కదా?"

కోపమెందుకు? నాకు నిజంగా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇది అమ్మ ఇల్లు కాదు, నాన్న ఇల్లు కాదు, మొదటి నుంచీ అత్త ఇల్లే. మొదటి పేజీ బాగుంది. రెండో పేజీ బాగుంది. ఇంటి హద్దులు సరిగ్గా ఉన్నాయి. చివరి పేజీలో సాక్షులు అని రాసి ఉన్నచోట మొదటిది పోతురాజు సంతకం. రెండోది, కింద పెద్ద గీతతో సహా, విజయమ్మ.

గిన్నె కింద పెట్టేశాను.

"ఇదేటి అత్తా? సాక్షి కింద నువ్వెందుకు పెట్టినావు?"

"మరెవులు పెడతారు?"

"నీకు రాసిన దాంట్లో నువ్వే సాక్షివేటి?"

"నా గురించి రాసినప్పుడు నాను సంతకం పెట్టకపోతే దొంగతనంగా రాయించుకున్నట్టుండదేటి? మన సంఘంలో ఎలగ? బాప్తిస్మం తీసుకున్నోలు పెడతారు. పెల్లిలో పెల్లికూతురు పెడతాది. ఎవులి సంగతైతే ఆలే ముందు పెట్టాల."

నాన్న మంచం మీద నుంచి అవునన్నట్టు తలూపాడు. నేను నెత్తి కొట్టుకున్నాను.

విషయం చెబుతాను, వినేవాళ్ళకైనా అర్థమవుతుందేమో. మేం క్రైస్తవులం. మా ఆస్తులకి వర్తించేది భారత వారసత్వ చట్టం. అందులో ఒక నియమం ఉంది. వీలునామాలో ఆస్తి పొందే మనిషి గానీ, ఆ మనిషి భార్య గానీ భర్త గానీ అదే వీలునామాకి సాక్షి సంతకం పెడితే, ఆ మనిషికి రాసినది చెల్లదు. వీలునామా మొత్తం పోదు. సాక్ష్యమూ పోదు, ఆవిడ సాక్ష్యం దివ్యంగా చెల్లుతుంది. ఇల్లు ఒక్కటే చెల్లదు. సాక్షికి ఏ లాభమూ ఉండకూడదని ఆ నియమం. మా పక్కింటి జోగమ్మ గారు ఇదే తప్పు చేసి ఉంటే ఏమీ అయ్యేది కాదు. ఎందుకంటే ఈ నియమం హిందువుల వీలునామాలకి లేదు. అత్త చేస్తేనే తప్పు. అత్తే చేసింది.

మరి ఇల్లు ఎవరికి పోతుంది? భార్య లేదు కాబట్టి పిల్లలకి. అంటే నాకూ నతానియేల్‌కీ చెరిసగం.

ఇది చెప్పడమే నేను చేసిన పని. చెవిలో ఇల్లు కట్టుకుని మరీ చెప్పాను. వీలునామా రాసేవాడు నాన్న, ఆయన రాసిందాని వల్ల ఆస్తి పొందే లబ్ధిదారువి నువ్వు, వాళ్ళిద్దరికీ సంబంధం లేని బయటి మనిషి సాక్షి, ఈ ముగ్గురూ వేర్వేరుగా ఉండాలి అన్నాను.

"నన్ను లబ్ధిదారు అనకే. ఏదో గవర్మెంటు స్కీములో పడినట్టుంది. ఆడి అక్కని."

"చట్టంలో పేరది అత్తా."

"ఆ చట్టం ఎవులు రాసినారో ఆలకి అక్కలు నేరేటి?"

పోనీ, నాన్న ఇప్పుడే నీ పేర దానపత్రం రాసేస్తే ఈ గొడవే ఉండదన్నాను. అత్త చెవులు మూసుకుంది. తమ్ముడు బతికుండగానే అక్క ఇల్లు లాక్కుందని ఊరంతా అనదా అంది. సరే, కొత్త వీలునామా రాసి, పాతది రద్దు చేశామని అందులో చెప్పి, వేరే ఇద్దరి చేత సాక్షి సంతకాలు పెట్టిద్దామన్నాను. ఇందులో కష్టమేముంది? తెల్లకాగితం మీద రాసినా చాలు. అప్పుడు మా అత్త నన్ను ఒక చూపు చూసింది. చిన్నప్పుడు డబ్బాలోంచి బెల్లం తీసినప్పుడు కూడా నన్నలా చూడలేదు.

"నా సంతకం తీసేత్తే ఇల్లు నీకొచ్చేత్తాదని సూత్తన్నావేటే గ్లోరీ?"

నిజానికి ఉన్నది ఉన్నట్టు ఉంచితేనే ఇల్లు నాకొస్తుంది. నేను నోరు మూసుకుని పాయసం తిని వెళ్ళిపోతే చాలు. అది పోగొట్టుకోవడానికే కదా అరుస్తున్నాను! ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది. రెండూ కలిసి వచ్చేసరికి బ్యాగు తీసుకుని బస్సెక్కేశాను.

మర్నాడు తారకేశ్వరరావు గారి దగ్గరికి వెళ్ళాను. టైపు మిషన్ పోయి కంప్యూటరు వచ్చినా ఆయన కుర్చీ మారలేదు. నేను చెప్పింది విని నవ్వాడు.

"లాయరమ్మా, నాకు తల నెరిసినకాడ నించీ వీలునామాలు రాత్తన్నాను. కొడుకులూ కోడళ్ళూ సంతకాలు పెట్టినారు. ఒక్కటీ తప్పు పోనేదు."

"అవన్నీ హిందువులవండి. మేం క్రిస్టియన్లం."

ఆయన వీలునామా నకలు తెప్పించుకుని మళ్ళీ చూశాడు. "ఆనందరావు. విజయమ్మ. ఈ పేర్లు సూత్తే నాకేటి తెలుస్తాదమ్మా? ఆయన సిలువైనా ఏసుకోనేదు." తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మతం అడిగితే జనాలకి కోపమొత్తాది. అందుకే అడగను. ఇకన అడుగుతాను. మీ నాన్నని రమ్మనండి, నాను మల్లీ రాసిత్తాను, నాకేటీ ఇవ్వక్కర్లేదు." ఆయన మీద కోపం తెచ్చుకుందామని వెళ్ళాను, అదీ కుదరలేదు.

రాసిచ్చేవాడు దొరికాడు. రాయించేవాడు కదలలేదు. అక్క మనసు కష్టపెట్టి నేను రాయను అన్నాడు నాన్న. రిజిస్టర్ అయినదాన్ని రిజిస్టర్ కాని కాగితం ఎలా కొట్టేస్తుంది, పోతురాజు కూడా అదే చెప్పాడన్నాడు. చట్టం గురించి నా మాట చెల్లదు, ఆటో నడిపే పోతురాజు మాట చెల్లుతుంది! చివర రాసిందే నిలుస్తుంది నాన్నా, రిజిస్ట్రేషనుతో పని లేదు అని ఎన్నిసార్లు చెప్పానో. ఆయన గోడ వైపు తిరిగి పడుకునేవాడు. అత్త వంటింట్లో గిన్నెలు గట్టిగా పెట్టేది. నేను వెళ్ళడం తగ్గించలేదు, వాళ్ళు వినడం మొదలుపెట్టలేదు.

అంతటితో ఆగిందా? లేదు. అత్త నతానియేల్‌కి ఫోన్ చేసి నా మీద ఫిర్యాదు చేసింది. "మీ అక్క సూడరా, నా సంతకం ఉంటే ఇల్లు నాకు సెల్లదంటాది, మీ ఇద్దరికీ వొచ్చేత్తాదంటాది" అని మొత్తం వాడికి తనే చెప్పేసింది. వాడికి అప్పటిదాకా వీలునామా ఉన్నట్టే తెలియదు. వాడు ఎవరో స్నేహితుణ్ణి అడిగి నిజమేనని తెలుసుకున్నాడు. ఏ కేసులోనూ అవతలి పక్షానికి ఇంత చక్కగా ఆధారాలు అందించిన మనిషిని నేను చూడలేదు.

వానలు మొదలయ్యాక ఒకరోజు నాన్నకి ఊపిరాడలేదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. శ్రీకాకుళం తీసుకెళ్ళి ఐసీయూలో పెట్టారు. ఆ గాజు తలుపు బయట బెంచీ మీద కూర్చుంటే నాకు నాన్న గురించి ఎంత భయం వేసిందో, ఆ కాగితం గురించీ అంతే భయం వేసింది. అది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది గానీ నిజం. ఆయన ఇప్పుడు పోతే అత్త ఆ ఇంట్లో మా దయ మీద ఉంటుంది.

నతానియేల్ విశాఖ నుంచి వచ్చాడు. నాన్నని చూసి ఏడ్చాడు. వాడు చెడ్డవాడు కాదు. ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు.

"అక్కా, నాన్నకి ఏదైనా అయితే ఇల్లు మనిద్దరిదే కదా. అమ్మేద్దాం. నేను ఫ్లాటుకి అడ్వాన్సు ఇచ్చాను. అత్తని నేను తీసుకుపోతాను, నువ్వు బెంగపెట్టుకోకు. బాల్కనీ మూయించేసి మంచం ఏయిత్తాను. టీవీ కూడా కనిపిత్తాది."

ప్రేమగానే అన్నాడు. ఎత్తుకు పెంచిన మనిషికి బాల్కనీలో మంచం. నేను తల తిప్పేసరికి అత్త వెనకాలే నిలబడి ఉంది, చేతిలో టీ ఫ్లాస్కు. ముగ్గురికీ టీ పోసింది. నతానియేల్‌కి చక్కెర ఎక్కువ కావాలని గుర్తుపెట్టుకుని కింద కొట్టుకి వెళ్ళి వేయించుకొచ్చింది. దానికి కూడా నాకు ఒళ్ళు మండింది.

దేవుడి దయవల్ల నాన్న కోలుకున్నాడు. ఇంటికి తీసుకొచ్చేటప్పుడు కారులో వెనక సీట్లో ఆయన నిద్రపోతున్నాడు. టెక్కలి దగ్గరపడ్డాక అత్త కిటికీలోంచి చూస్తూ అంది.

"నాకు బాల్కనీ వొద్దే. నా పొయ్యి నాకుండాల. నా తలుపు నాను యేసుకోవాల. మల్లీ రాయించీ."

ఇన్ని నెలలు నేను చట్టం చెప్పాను. ముందే బాల్కనీ గురించి చెప్పాల్సింది.

తారకేశ్వరరావు గారు ఆ మధ్యాహ్నమే రాసిచ్చారు. ఇక సాక్షులు కావాలి. పోతురాజు ఆటో ఆపి లోపలికి వచ్చి, "మల్లీనా? మొన్న పెట్టింది ఏటైపోనాది?" అని సణుక్కున్నా ఒప్పుకున్నాడు. రెండో మనిషి కోసం నేను వీధి వీధంతా తిరిగాను. పాస్టరు గారు ఊళ్ళో లేరు. మిగిలినవాళ్ళందరిదీ ఒకటే జవాబు. "విజయమ్మ ఉండగా మేమెందుకమ్మా?" ఆవిడ పెట్టకూడదండీ అంటే అనుమానంగా చూశారు. ఆవిడే పెట్టకూడని కాగితం అంటే ఏదో మోసం ఉండే ఉంటుందని తలుపు చాటుకి వెళ్ళిపోయినవాళ్ళు కూడా ఉన్నారు. ఇన్నేళ్ళుగా వీధికంతటికీ ఆవిడే సంతకం పెట్టేసరికి, ఆవిడ కోసం పెట్టడానికి ఒక్కరికీ ధైర్యం లేదు. ఆవిడకి కావలసివచ్చిన ఒక్క రోజు, ఒక్క మనిషి దొరకలేదు. ఆ వీధి మీద నాకు ఇప్పటికీ కోపమే.

చెమటలు కక్కుతూ తిరిగొచ్చి గుమ్మంలో కూలబడ్డాను. నాన్న మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చున్నాడు.

"నువ్వు పెట్టు," అన్నాడు.

"నేను కూతుర్ని నాన్నా."

"నీకేటైనా రాసినానా ఇందులో?"

లేదు. ఇల్లు మొత్తం అత్తకి. నాకు ఏమీ లేదు, తమ్ముడికి ఏమీ లేదు. చట్టంలో నాకు ఏ అడ్డూ లేదు. రేపు నతానియేల్ కోర్టుకి వెళ్ళినా, వాటా పోగొట్టుకున్న కూతురే సాక్షిగా నిలబడితే ఏ జడ్జి కాదంటాడు? అంతసేపూ వీధంతా తిరిగిన లాయరుకి ఇది ఎందుకు తట్టలేదో మరి.

నాన్న సంతకం పెట్టాడు. పోతురాజు పెట్టాడు. నేను పెట్టాను. అత్తని గదిలోంచి వెళ్ళమని ఎవరూ అనలేదు, అయినా తనే వెళ్ళి తలుపు అవతల నిలబడింది, పెన్ను చూస్తే చెయ్యి ఊరుకోదని కాబోలు. అయిపోయాక లోపలికి వచ్చి కాగితం తీసుకుంది. కళ్ళజోడు పెట్టుకుని, తన జీవితంలో మొదటిసారి ఒక కాగితాన్ని మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివింది. సాక్షుల దగ్గరికొచ్చి నా పేరు మీద ఆగింది. ఆ వేళ్ళతో నా సంతకం మీద తడిమింది.

"ఇప్పుడు సెల్లుతాదేటే?"

"సెల్లుతాది అత్తా."

"మరి నీకేటి మిగిలింది ఇందులో?"

"ఏటీ మిగల్నేదు. ఏటీ మిగలనోలే సాక్షికి పనికొత్తారు. ఇన్నాల్ల నించీ నాను మొత్తుకుంటన్నది అదే."

అత్త నాతో వాదించలేదు. నా తల తన ఒళ్ళోకి లాక్కుని, ఆ కాగితం చేత్తో అలాగే పట్టుకుని, గట్టిగా ఏడ్చింది.